పిల్లాడి మొండితనం తల్లి నేరమా?

(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస గురించీ, మనోవర్తి గురించీ, పిల్లల కస్టడీ గురించీ రెండు రోజులుగా ఇక్కడ మాట్లాడుకుంటున్నాం. ఈ మూడింటి మధ్య నుంచి ఎప్పుడూ జారిపోయే ఒక విషయం మీద నేను మాట్లాడతానని నిర్వాహకులను అడిగాను. మూడేళ్ల, నాలుగేళ్ల, ఐదేళ్ల పిల్లలు ఇంట్లో కొట్టడం, కొరకడం, వస్తువులు విసిరేయడం, తల్లి ఏం చెప్పినా వినకపోవడం. ఇదేం హక్కుల సమస్య, పిల్లలన్నాక అల్లరి చేయరా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. నేను సమాజశాస్త్రం చదివినదాన్ని. పిల్లల ప్రవర్తన మానసిక వైద్యుల వ్యవహారమనీ, మన పని చట్టంతో, ఆస్తితో, హింసతో అనీ అనుకునేదాన్ని.

ఆ అభిప్రాయం ఒక స్త్రీ వల్ల మారింది. కుటుంబాల్లో హింస మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో హైదరాబాదులోని ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో వారానికి రెండు రోజులు కూర్చునేదాన్ని. ఆమె నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషి. భర్త కొట్టే దెబ్బలు భరించలేక వచ్చింది. వెంట ఐదేళ్ల కొడుకు, ఎనిమిదేళ్ల కూతురు. కూతురు సంచీ పట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది. కౌన్సెలర్ మాట్లాడుతున్నంతసేపూ కొడుకు తల్లి కొంగు పట్టి లాగుతూనే ఉన్నాడు. ఆమె వద్దంది, బతిమాలింది, ఉరిమి చూసింది. చివరికి వాడు ఆమె చెంప మీద చాచి కొట్టాడు. గదిలో ఎవరికీ మాట రాలేదు. ఆమె తల వంచుకుని, "నా మాట అస్సలినడు మేడం. వాళ్ల నాయిన మాటైతే ఇంటడు" అంది. కాసేపాగి, "ఎందుకింటడో మీకెరుకనే గద" అంది.

కౌన్సెలర్ చెప్పిన సలహా ఇది: "చూడమ్మా, పిల్లలకి తల్లంటే భయం ఉండాలి. నువ్వే గారాబం చేసి చెడగొట్టావు. నీవల్ల కాకపోతే హాస్టల్లో వేసెయ్." ఒంటి మీద దెబ్బలు చూపించడానికి వచ్చిన మనిషి, పిల్లాడిని చెడగొట్టిన తల్లిగా ముద్ర వేయించుకుని వెళ్లిపోయింది. నేను పక్కనే కూర్చుని నోట్సు రాసుకున్నాను. ఆమెకు చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

ఆ కౌన్సెలర్‌ని తప్పుపట్టడానికి నాకు పెద్ద అర్హత కూడా లేదు. నా సిద్ధాంత వ్యాసం రాసుకునే రోజుల్లో, నాలుగేళ్ల నా కూతురు ఫీల్డ్ నోట్సు మీద పాలు ఒలకబోసిందని వీపు మీద ఒక్కటి వేశాను. కుటుంబంలో అధికారం ఎలా పనిచేస్తుందో రాస్తున్న కాగితాలవి! చదువు, ఉద్యోగం, సహకరించే భర్త ఉన్న నా పరిస్థితే అదైతే, ఉదయం ఐదింటికి లేచి రాత్రి దెబ్బలతో పడుకునే స్త్రీ పరిస్థితి ఏమిటి? ఆమెకు మనం ఏమివ్వగలం? ఆ ప్రశ్నతో చదవడం మొదలుపెట్టాను. చదివినదాంట్లో మనకు పనికొచ్చేదేమిటో, మనం అనుమానించాల్సిందేమిటో రెండూ చెప్తాను.

ఈ విషయం మీద ఎక్కువ పని జరిగింది అమెరికాలో. అక్కడ ఒరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, మొండి పిల్లలున్న ఇళ్లలోకి వెళ్లి, రోజువారీ జీవితంలో ఎవరు ఎవరిని ఏమంటున్నారో, దానికి ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారో వరుసగా రాసుకుంది. 1982లో ఆయన దాన్ని పుస్తకంగా తెచ్చాడు. అందులో ముఖ్యమైన విషయాన్ని మన కిరాణా కొట్టు ముందు చూద్దాం. పిల్లాడు చాక్లెట్ కావాలంటాడు. తల్లి వద్దంటుంది. వాడు ఏడుస్తాడు. ఆమె మళ్లీ వద్దంటుంది. వాడు నేల మీద పడి దొర్లుతాడు. నలుగురూ చూస్తున్నారని ఆమె కొనిస్తుంది. ఏడుపు ఆగుతుంది. పిల్లాడు నేర్చుకున్నది, గట్టిగా ఏడిస్తే పనవుతుందని. తల్లి నేర్చుకున్నది, ఇస్తే గొడవ ఆగుతుందని. ఇంకోరోజు ఆమె చేతిలో డబ్బు ఉండదు, ఒక్కటేస్తుంది. ఏడుపు అప్పుడూ ఆగుతుంది. దెబ్బ పనిచేస్తుందని ఇద్దరూ నేర్చుకుంటారు. మర్నాటికి ఏడుపూ పెరుగుతుంది, దెబ్బా పెరుగుతుంది. తెలియకుండానే ఇద్దరూ ఒకరికొకరు శిక్షణ ఇచ్చుకుంటున్నారన్నమాట. చెడ్డ పిల్లాడు, చేతగాని తల్లి అనే మాటలతో దీన్ని అర్థం చేసుకోలేం.

దీని నుంచి బయటపడే దారి కోసం తయారైన పద్ధతుల్లో ఒకదాని పేరు పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ. తల్లికీ తండ్రికీ బిడ్డతో నడిచే మాటకూ చేతకూ చేసే చికిత్స అనుకోవచ్చు. కాన్‌స్టన్స్ హాన్ఫ్ వేసిన రెండు దశల పునాది మీద షీలా ఐబర్గ్ 1970లలో దీన్ని తయారుచేశారు. ఇద్దరూ స్త్రీలే. రెండేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు ఇది పనికొస్తుంది.

గదిలో తల్లీ బిడ్డా బొమ్మలతో ఆడుకుంటూ ఉంటారు. తల్లి చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఉంటుంది. గోడకు ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం. దాని వెనక కూర్చున్న థెరపిస్టు మైకులో తల్లితో మాట్లాడుతుంది. బిడ్డకు మందుల్లేవు. తల్లికి ఉపన్యాసాల్లేవు. ఇద్దరి మధ్యా జరుగుతున్నదాన్ని, జరుగుతున్నప్పుడే మారుస్తారు.

మొదటి దశలో ఆట బిడ్డది, తల్లి వెంట నడుస్తుంది. ఆమె ప్రశ్నలు వేయకూడదు, ఆజ్ఞలివ్వకూడదు, విమర్శించకూడదు. పిల్లాడు దిమ్మలు పేరుస్తుంటే "ఇదేం రంగు చెప్పు? సరిగ్గా పెట్టు, పడిపోతుంది" అని మనమందరం అంటాం. ఒక్క వాక్యంలో పరీక్ష, ఆజ్ఞ, తప్పు మూడూ ఉన్నాయి చూడండి. అక్కడ తల్లి "ఎర్రదాని మీద నీలంది పెడుతున్నావు" అంటుంది. వాడు "ఇది పెద్ద బిల్డింగు" అంటే "అవును, పెద్ద బిల్డింగు" అంటుంది. ఊరికే మంచివాడివి అనకుండా, "మెల్లగా పెట్టావు, బాగుంది" అని చేసిన పనిని చెప్పి మెచ్చుకుంటుంది. ఐదు నిమిషాల్లో అలాంటి మెప్పులు పది, వాడి మాట తిరిగి చెప్పడం పదిసార్లు, వాడు చేసేది చెప్పడం పదిసార్లు. ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు అన్నీ కలిపి మూడు లోపే. అప్పుడే రెండో దశకు వెళ్తారు. ఇంటి దగ్గర రోజూ ఐదు నిమిషాలు ఇలా ఆడాలి.

రెండో దశలో చెప్పిన మాట వినడం నేర్పుతారు. "సరిగ్గా ఉండు" అంటే ఐదేళ్లవాడికి అర్థం కాదు. "కుర్చీలో కూర్చో" అంటే అవుతుంది. ఒకసారి ఒకే మాట, ఏం చేయకూడదో కాకుండా ఏం చేయాలో చెప్పాలి. చెప్పాక ఐదు సెకన్లు ఆగాలి. వింటే వెంటనే మెచ్చుకోవాలి. వినకపోతే ఒక హెచ్చరిక. అప్పటికీ వినకపోతే మూడు నిమిషాలు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాలి. అరుపుల్లేవు, దెబ్బల్లేవు. ఇవాళ ఎలాగో రేపూ అలాగే. మామూలుగా మూడు నుంచి ఐదు నెలలు వారానికోసారి వెళ్లాలి.

చదువుతున్నప్పుడు నన్ను అన్నిటికంటే కదిలించింది ఆ చెవిలో వినిపించే మాటలు. వాటిలో చాలా భాగం మెప్పే. "గొంతు పెంచకుండా చెప్పారు, బాగుంది." "వాడు మీవైపు చూసి నవ్వాడు, గమనించారా?" పిల్లాడి గురించి ఏదో ఒకటి తల్లి చెవిలో పోసేవాళ్లకు మన దగ్గరా కొదవ లేదు. అత్తగారు, ఆడపడుచు, పక్కింటివాళ్లు, టీచరు. కానీ నువ్వు ఇప్పుడు చేసిన పని బాగుంది అని చెప్పిన గొంతు ఎంతమంది తల్లులు విన్నారు?

ఈ పద్ధతికి అసలు పరీక్ష ఓక్లహామాలో జరిగింది. పిల్లలను కొట్టి, శిశుసంక్షేమ శాఖ దృష్టిలో పడిన 110 మంది తల్లిదండ్రులను మార్క్ చాఫిన్ బృందం మూడు జట్లుగా చేసింది. ఒక జట్టుకు ఈ చికిత్స, రెండో జట్టుకు ఈ చికిత్సతో పాటు వాళ్ల అవసరాలను బట్టి అదనపు సేవలు, మూడో జట్టుకు అక్కడ మామూలుగా నడిచే తల్లిదండ్రుల తరగతులు. సుమారు 850 రోజుల తర్వాత చూస్తే, మళ్లీ కొట్టారని ఫిర్యాదు వచ్చినవాళ్లు మామూలు తరగతుల జట్టులో 49 శాతం. ఈ చికిత్స పొందిన జట్టులో 19 శాతం. ఈ ఫలితాలు 2004లో వచ్చాయి. ఇవి ఫిర్యాదుల లెక్కలు, దెబ్బల లెక్కలు కావు. అయినా తేడా చిన్నది కాదు.

ఇక్కడ మనలాంటివాళ్లకు మింగుడుపడని అంకె ఒకటుంది. అదనపు సేవలు పొందిన రెండో జట్టులో 36 శాతం మీద మళ్లీ ఫిర్యాదులు వచ్చాయి. అంటే సేవలు గుమ్మరించినకొద్దీ ఫలితం పెరుగుతుందని లేదు. పేదరికం పోతే అన్నీ అవే సర్దుకుంటాయని వాదించే అలవాటు నాలాంటి సమాజశాస్త్రజ్ఞులకు ఉంది. తల్లీబిడ్డల మధ్య నడిచే ఆ వలయాన్ని సూటిగా పట్టుకోవలసిన అవసరం కూడా ఉందని ఈ అంకె చెబుతోంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడటం నిజాయితీ కాదు.

అదే బృందం 2011లో ఇంకో అధ్యయనం ప్రచురించింది. 192 మంది తల్లిదండ్రులతో చేశారు. చికిత్సకు ముందు కొన్ని వారాలు వాళ్లను కూర్చోబెట్టి, మీరు ఎందుకు మారాలనుకుంటున్నారు, మీకు ఎలాంటి ఇల్లు కావాలి అని వాళ్ల కారణాలను వాళ్లచేతే చెప్పించారు. ఆ సంభాషణ, ఆ తర్వాత ఈ చికిత్స, రెండూ కలిసినప్పుడే మళ్లీ ఫిర్యాదులు బాగా తగ్గాయి. నా ఉద్దేశంలో మనం పట్టుకోవలసిన కొస ఇది. తల్లిని ముందు అడగాలి.

ఇప్పుడు అనుమానాల సంగతికొద్దాం. ఈ రంగం నిండా పేరెంట్ అనే మాటే ఉంటుంది. ఆడా మగా తేడా లేని మాట. కానీ అద్దం ఇవతల కూర్చునేది ఎక్కువగా ఎవరు? తల్లే. పిల్లల మనస్తత్వ శాస్త్రానికి తల్లిని దోషిగా నిలబెట్టిన పాత చరిత్ర ఉంది. ఆటిజానికి కారణం తల్లి ప్రేమలేనితనమని బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో ఒక పుస్తకమే రాశాడు. ఆ సిద్ధాంతం తప్పని తేలేలోపు ఎందరు తల్లులు తమను తాము శపించుకున్నారో. పౌలా కాప్లాన్ అనే స్త్రీవాద మనస్తత్వవేత్త, సహరచయితతో కలిసి వైద్య పత్రికల్లోని 125 వ్యాసాలను పరిశీలించి 1985లో ప్రచురించారు. 72 రకాల మానసిక సమస్యలకు వాటిలో తల్లుల్నే కారణంగా చూపించారు.

ఇంకో మాట, ప్రమాదంలో ఉన్న కుటుంబం. ప్రమాదం ఎవరికి, ఎవరి నుంచి? కొట్టే మగవాడు ఉన్న ఇంటిని కూడా, తల్లికి పెంచడం రాని ఇంటిని కూడా ఒకే మాటతో పిలిస్తే కొట్టినవాడు ఆ మాట చాటున దాక్కుంటాడు. న్యూయార్క్ నగరంలో జరిగింది అదే. భర్త చేతిలో దెబ్బలు తిన్న తల్లులు, పిల్లలు ఆ హింసను చూసేలా చేశారన్న నేరం మోసి, పిల్లల్ని పోగొట్టుకున్నారు. నికల్సన్ కేసుగా పేరుపడ్డ దావాలో ఆ తల్లులు పోరాడారు. దెబ్బలు తిన్నదన్న ఒక్క కారణంతో తల్లి నుంచి బిడ్డను లాక్కోవడం రాజ్యాంగ విరుద్ధమని 2002లో ఫెడరల్ జడ్జి జాక్ వైన్‌స్టీన్ తీర్పు చెప్పారు. బిడ్డ హింసను చూసినంత మాత్రాన తల్లి నిర్లక్ష్యం చేసినట్టు కాదని 2004లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం స్పష్టం చేసింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే గది, అదే అద్దం, అదే ఐదు నిమిషాల ఆట. తల్లి తనంతట తాను కోరి వస్తే అది సహాయం. రాకపోతే బిడ్డను ఇవ్వమని చెప్పి రప్పిస్తే అది నిఘా. అప్పుడు ఆ అద్దం వెనక ఉన్నది గురువో, సాక్షో ఆమెకు ఎలా తెలుస్తుంది? ఒకరోజు కూలి పోతుందని రాలేకపోతే అది ఆమెకు వ్యతిరేకంగా కాగితం మీదకెక్కదా?

హింస ఉన్న ఇళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లాడు కొట్టేది మొండితనం వల్లేనా, భయం వల్లా? శాన్ ఫ్రాన్సిస్కోలో అలిసియా లీబర్మన్, పెట్రీసియా వాన్ హార్న్ బృందం ఈ ప్రశ్న వేసుకుంది. తల్లి మీద జరిగిన హింసను చూసిన మూడు నుంచి ఐదేళ్ల పిల్లలూ, వాళ్ల తల్లులూ, మొత్తం 75 జంటలతో చేసిన అధ్యయనాన్ని 2005లో ప్రచురించారు. వారానికోసారి, ఏడాదిపాటు. అక్కడ జరిగినదాన్ని దాచరు. నాన్న అమ్మను కొట్టినప్పుడు నీకు భయం వేసింది కదా అని బిడ్డ వయసుకు తగ్గ మాటల్లో, ఆటల్లో బయటికి తెస్తారు. తల్లి గాయాన్ని కూడా పట్టించుకుంటారు. పిల్లల ప్రవర్తన మెరుగుపడింది, తల్లుల బాధా తగ్గింది. ఇంకో ముఖ్యమైన విషయం, కొట్టిన మగవాడు అదే ఇంట్లో ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. ముందు భద్రత, తర్వాతే చికిత్స.

మన దగ్గరికొద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన స్త్రీలలో భర్త హింసను ఎదుర్కొన్నవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఆ ఇళ్లలో చాలావాటిలో పిల్లలున్నారు, చూస్తున్నారు. 2005 గృహహింస చట్టంలో మెజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు పంపవచ్చునని 14వ సెక్షన్‌లో ఉంది, పిల్లల తాత్కాలిక కస్టడీ 21వ సెక్షన్‌లో ఉంది. పిల్లలకు కలిగిన భయానికి ఏం చేయాలన్నది కౌన్సెలర్ మంచితనానికి వదిలేశాం. ఆ కౌన్సెలింగ్ చాలాచోట్ల సర్దుకుపొమ్మని చెప్పడంగా ఎలా మారిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టకూడదంది. ఇంట్లో కొట్టకుండా ఎలా పెంచాలో నేర్పే చోటు మాత్రం ఎక్కడా చూపించలేదు.

అందుకని నా ప్రతిపాదనలు కొన్ని మీ ముందు పెడుతున్నాను.

ఈ సహాయం కోరిన ప్రతి తల్లికీ అందాలి, కోరని తల్లి మీద రుద్దకూడదు. కస్టడీకి, భరణానికి దీన్ని షరతుగా పెడితే మనం ఎదిరించాలి. ఆ గదిలో బయటపడ్డ విషయాలు ఆమెకు వ్యతిరేకంగా కోర్టుకెక్కకూడదు.

తండ్రులు కూడా నేర్చుకోవాలి. కానీ కొట్టే మనిషిని, భద్రత సంగతి తేల్చకుండా, తల్లీబిడ్డల పక్కన కూర్చోబెట్టకూడదు.

అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి, పిల్లలూ అక్కడే ఉన్నారు కాబట్టి ఇది అక్కడ మొదలవ్వాలని చాలామంది అంటారు. మంచిదే. అయితే గౌరవ వేతనం మీద పనిచేస్తున్న అంగన్‌వాడీ టీచర్ నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు. శిక్షణ పొందిన మనిషి కావాలి, ఆమెకు జీతం కావాలి.

చివరిది, విధేయత గురించి. ఈ పద్ధతి పిల్లలు మాట వింటున్నారా లేదా అని కొలుస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్లలు మాట వినడం ఎలాగూ ఎక్కువే నేర్చుకుంటున్నారు. కొట్టే పిల్లాడు అందరికీ కనిపిస్తాడు. గుమ్మం దగ్గర సంచీ పట్టుకుని కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల ఎవరికీ కనిపించదు. ఆ రోజు ఆ పిల్లతో ఎవరమూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అల్లరి చేయకపోవడమే అందుకు కారణం.

ఆ తల్లి మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. అప్పటికి నేను కొంత చదివాను. నేను చికిత్స చేసేదాన్ని కాదు. తెలిసినంత చెప్పాను. రోజూ ఐదు నిమిషాలు వాడి పక్కన కూర్చుని, ఏం అడగకుండా, ఏం తిట్టకుండా, వాడు ఆడేది చూడమన్నాను. ఆమె శ్రద్ధగా విన్నది. విని, "మంచిగనే ఉంది మేడం. గా అయిదు నిమిషాలు నాకెవరిస్తరు?" అంది.

ఆమె వెటకారంగా అనలేదు. పొద్దున పనిళ్లు, సాయంత్రం నీళ్లు, వంట, రాత్రి తాగొచ్చే మనిషి. ఆ రోజులో ఐదు నిమిషాలు ఎక్కడున్నాయో ఆమె నిజంగానే వెతుకుతోంది. ఓక్లహామా అంకెలు, శాన్ ఫ్రాన్సిస్కో అధ్యయనం అన్నీ చదివిన నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది. అది ఒక్క మనిషి ఇవ్వగలిగిన జవాబు కాదు. మీ మీ కేంద్రాలకు తిరిగి వెళ్లాక, రేపు పిల్లాడిని వెంటబెట్టుకుని ఒక స్త్రీ వస్తే, ఆమెను తప్పుపట్టే ముందు ఈ ప్రశ్న గుర్తు తెచ్చుకోమని కోరుతున్నాను. ఆమె వెనక ఇంకో పిల్ల ఉందేమో కూడా చూడండి.